రేఖాఖండంతో మొదలుపెట్టండి: ఆరో తరగతి పిల్లలకు రేఖ, కిరణం, తలం నేర్పడం ఎలా?

ఆరో తరగతిలో రేఖాగణితం మొదటి పాఠం చాలా బడుల్లో ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. బోర్డు మీద చుక్క పెట్టి ఇది బిందువు అంటాం. గీత గీసి, రెండు కొసలకూ బాణాలు వేసి ఇది రేఖ అంటాం. ఒక బాణం చెరిపేస్తే కిరణం, రెండూ చెరిపేస్తే రేఖాఖండం. బల్ల మీద అరచెయ్యి ఆనించి ఇది తలం. పిల్లలు రాసుకుంటారు, బట్టీ పడతారు, మార్కులూ తెచ్చుకుంటారు. లోపం పైతరగతుల్లో బయటపడుతుంది. అదే పిల్లవాడు ‘రేఖ ఏబి పొడవు 6 సెం.మీ.’ అని రాస్తాడు. రెండు పొట్టి గీతలు కాస్త వాలుగా గీసి చూపిస్తే, ఒకదాన్నొకటి తాకలేదు కాబట్టి ఇవి సమాంతర రేఖలు అంటాడు. భుజాలు పొడవుగా గీస్తే కోణం పెద్దదైందంటాడు.

ఈ మూడు తప్పులకూ మూలం ఒక్కటే. బోర్డు మీద కనిపించే గీతనే పిల్లవాడు రేఖ అనుకుంటున్నాడు. గీత ఆగిన చోట రేఖ ఆగదని వాడికి చెప్పాం గానీ, ఆ పొడిగించే పని వాడి చేత చేయించలేదు.

అందుకే పాఠం వరుస మార్చమంటాను. బిందువుతో మొదలుపెట్టకండి. పొడవు, వెడల్పు, మందం ఏవీ లేని వస్తువును పదకొండేళ్ల పిల్లకు మొదటి నిమిషంలోనే ఊహించుకోమనడం చాలా బరువైన కోరిక. రెండు కొసలూ చేత్తో పట్టుకోగలిగిన రేఖాఖండంతో మొదలుపెట్టండి. దాన్ని రెండు వైపులా పొడిగిస్తే రేఖ, ఒక వైపే పొడిగిస్తే కిరణం. తర్వాత బిందువు, చివర తలం. ఈ వరుసకు పెద్దల అండ కూడా ఉంది. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన సరళరేఖకు కొసలు ఉంటాయి. కావలసినంత మేర దాన్ని పొడిగించుకోవచ్చని ఆయన రెండో స్వీకృతంలో (రుజువు లేకుండా ఒప్పుకునే నియమంలో) విడిగా చెప్పుకున్నాడు. ఇక నిర్వచనాల సంగతి. 1899లో జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ జ్యామితి పునాదులను తిరిగి కట్టినప్పుడు బిందువు, రేఖ, తలం అనే మూడింటికీ నిర్వచనాలు ఇవ్వనే లేదు. అవి ఒకదానితో ఒకటి ఎలా మసలుకుంటాయో మాత్రమే నియమాలుగా రాశాడు. అంతటివాడు వదిలేసిన నిర్వచనాలను ఆరో తరగతి పిల్లల చేత వల్లె వేయించాల్సిన అవసరం మనకు లేదు.

నాలుగు పీరియడ్లు కేటాయించండి. ఇంట్లో నేర్పే తల్లిదండ్రులైతే నాలుగు సాయంత్రాలు చాలు.

కావలసినవి: నాలుగైదు మీటర్ల పురికొస, చాక్‌పీసులు, పాత న్యూస్‌పేపర్లు, గుప్పెడు చీపురుపుల్లలు, గట్టి అట్టముక్క ఒకటి, స్టీలు గ్లాసు, బంతి, పళ్లెంలో తడి ఇసుక, కంపాస్ బాక్సు. ఇవి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

మొదటి అడుగు: పురికొస లాగించండి

ఇద్దరు పిల్లల్ని పిలిచి పురికొస చెరో కొస పట్టుకోమనండి. ముందు వదులుగా పట్టుకోవాలి, పురికొస మధ్యలో కిందికి జారాలి. ఒక చీమ ఈ కొస నుంచి ఆ కొసకు పురికొస మీదుగా నడుస్తోందనుకోమని చెప్పి, దాని నడక తగ్గాలంటే ఏం చేయాలని అడగండి. ‘గట్టిగా లాగాలి టీచర్’ అని ఎవరో ఒకరు అంటారు. లాగమనండి. పురికొస బిగుసుకున్నాక, ఇద్దరి వేళ్ల మధ్య ఇంతకంటే దగ్గర దారి ఇంకొకటి ఉందేమో వెతకమనండి. లేదని వాళ్లే తేల్చాక, ‘దీని పేరు రేఖాఖండం’ అని అప్పుడు బోర్డు మీద రాయండి. పేరు ఎప్పుడూ పని తర్వాతే రావాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలుంటే పక్కనే లైన్ సెగ్మెంట్ అని కూడా రాయండి.

తాడు బిగించి నేల మీద సరళరేఖ సాధించడం మన దేశంలో శుల్బసూత్రాల (యజ్ఞవేదికల నిర్మాణం చెప్పే ప్రాచీన గ్రంథాల) నాటి నుంచీ ఉంది. యజ్ఞవేదికల కొలతలు తాడు, మేకులతో వేసేవారు. పల్లెటూరి పిల్లలకైతే పొలం సర్వే గుర్తుచేయండి. రెండు సర్వే రాళ్ల మధ్య హద్దు ఒక రేఖాఖండం. దాన్ని కొలిచిన గుంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇంట్లో తాతగారు గొలుసులు, లింకులు అంటుంటే విన్న పిల్లలు తరగతికి ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్లను మాట్లాడనివ్వండి.

ఇప్పుడు పేర్లు. ఒక కొస ఏ, ఇంకో కొస బి. ఏ నుంచి చూసినా బి నుంచి చూసినా అదే పురికొస కాబట్టి రేఖాఖండం ఏబి, రేఖాఖండం బిఏ ఒకటే. అక్షరాల మీద చిన్న అడ్డగీత పెడితే రేఖాఖండం అని, అడ్డగీత లేకుండా రాస్తే దాని పొడవు అని ఇక్కడే అలవాటు చేయండి. మొదటిది వస్తువు, రెండోది సంఖ్య. ఈ తేడా ఇక్కడ దాటవేస్తే పదో తరగతి దాకా వెంటాడుతుంది.

కొలత దగ్గర తొందరపడకండి. తరగతిలో అందరికీ ఒకే పొడవున్న గీత ఇచ్చి కొలవమంటే నాలుగు రకాల జవాబులు వస్తాయి. ఎందుకో ఒక్కొక్కరి పక్కన నిలబడి చూడండి. ఒకరు స్కేలు అంచును గీత కొస దగ్గర పెడతారు. చాలా ప్లాస్టిక్ స్కేళ్లలో సున్నా గీత అంచు దగ్గర ఉండదు, రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. ఇంకొకరు లెక్క ఒకటితో కదా మొదలయ్యేదని 1 దగ్గర పెడతారు, వాళ్లకు ఒక సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. మరొకరు స్కేలు సరిగ్గానే పెట్టి పక్కనుంచి చూసి చదువుతారు. మందపాటి చెక్క స్కేలు ఇచ్చి, ముందు ఎడమవైపు నుంచి, తర్వాత కుడివైపు నుంచి, చివరికి నిట్టనిలువుగా పైనుంచి చదవమనండి. మూడు సార్లూ అంకె కాస్త మారడం వాళ్ల కళ్లతోనే చూస్తారు. ఇక పైనుంచి చూడమని మీరు చెప్పాల్సిన పని ఉండదు.

విరిగిన స్కేలు ఉంటే పారేయకండి, అంతకన్నా మంచి బోధనోపకరణం లేదు. సున్నా లేని స్కేలుతో కొలవమనండి. ఏ దగ్గర 3, బి దగ్గర 8.4 వస్తే పొడవు 5.4 సెం.మీ. అని తీసివేత చేసి చెప్పిన పిల్లకు కొలత అంటే ఏమిటో అర్థమైనట్టే. తర్వాత విభాగిని (డివైడర్) ఇవ్వండి. దాని రెండు ముళ్లనూ రేఖాఖండం కొసల మీద ఆనించి, ఆ ఎడం చెదరకుండా స్కేలు మీదికి తెచ్చి చదవాలి. స్కేలు మందం వల్ల వచ్చే తేడా ఇందులో ఉండదు. కంపాస్ బాక్సులో ఏళ్ల తరబడి వాడకుండా ఉండిపోయే వస్తువు ఇది. పిల్లలకు దాని పని తెలిస్తే వదలకుండా వాడతారు.

రెండో అడుగు: ఆపకుండా పొడిగించండి

బోర్డు మధ్యలో ఒక చిన్న రేఖాఖండం గీయండి. స్కేలు ఆనించి ఒక పిల్ల చేత కుడివైపు, ఇంకో పిల్లవాడి చేత ఎడమవైపు పొడిగింపజేయండి. బోర్డు అంచు వచ్చేస్తుంది. ఇక్కడ మీరు చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాలి.

‘అయిపోయిందా?’

‘అయిపోయింది సార్, బోర్డు లేదు.’

‘బోర్డు లేదు. గీత పోవడానికి దారి లేదా?’

‘గోడ ఉంది సార్.’

‘గోడ అవతల?’

‘మనూళ్ల బజారు.’

‘దాని అవతల?’

పక్కూరు, జిల్లా, సముద్రం, చందమామ దాకా వాళ్లే పోతారు. ఎవరో ఒకరు భూమి గుండ్రంగా ఉంది కదా, గీత తిరిగి ఇక్కడికే రాదా అని అడుగుతారు. చాలా మంచి ప్రశ్న, దాటెయ్యకండి. భూమిని అంటిపెట్టుకుని పోతే అది వంగుతుంది, మన గీత వంగకూడదు కాబట్టి నేలను విడిచి ఆకాశంలోకి వెళ్లిపోతుందని చెప్పండి. అప్పుడు బాణం గుర్తు వేయండి. ‘ఇక్కడ ఆగలేదు, గీయడానికి చోటు చాల్లేదు’ అని ఆ గుర్తుకు అర్థం. బాణం గీతలో భాగం కాదని, చదివేవాళ్లకు మనం ఇచ్చే సమాచారమని స్పష్టంగా అనండి.

వెంటనే సమాంతర రేఖల తప్పును ఇక్కడే సరిచేయాలి. న్యూస్‌పేపరు మీద కాస్త వాలుగా, ఒకదాన్నొకటి తాకని రెండు పొట్టి గీతలు గీసి, ఇవి ఎక్కడైనా కలుస్తాయా అని అడగండి. కలవవని సగం మంది అంటారు. స్కేలుతో పొడిగించమనండి. పేపరు అయిపోతే ఇంకో పేపరు అతికించి నేల మీద పరచమనండి. రెండు మూడు పేపర్లు దాటాక గీతలు ఒకదాన్నొకటి ఖండిస్తాయి. ఇది మాటల్లో చెప్పి ఊరుకోకండి. నేల మీద బోర్లా పడుకుని స్కేలు జరుపుతూ, కలుస్తాయా లేదా అని పందెం కట్టుకుంటూ గీసిన పిల్లలు ఆ సంగతి మరిచిపోరు. నేను ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే అంటాను. పీరియడ్ మొత్తం దీనికే పోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు మడతలు. ఒక్కో పిల్లకు పావు న్యూస్‌పేపరు ఇచ్చి దాని మీద ఒక చుక్క పెట్టమనండి. ఆ చుక్క మీదుగా ఒక మడత, విప్పి ఇంకో మడత, ఇంకో మడత. ఎన్ని వేయొచ్చు? పేపరు నలిగిపోయేదాకా వేస్తారు, చివరికి ఎన్నైనా వేయొచ్చంటారు. ఇంకో ముక్క మీద రెండు చుక్కలు పెట్టి, రెండింటి మీదుగా పోయే మడత వేయమనండి. ఒకటి పడుతుంది. విప్పి రెండోది వేయమంటే మళ్లీ మొదటి మడత మీదే పడుతుంది. రెండు బిందువుల గుండా ఒకే ఒక్క రేఖ పోతుందన్న మాట పిల్లల వేళ్లే చెప్పేశాయి. మూడు చుక్కలు ఎక్కడపడితే అక్కడ పెడితే మూడింటి మీదుగా మడత సాధారణంగా పడదు. పడితే అవి సరేఖీయ బిందువులు.

కాగితం మడతలతో జ్యామితి నేర్పడం మనకు కొత్త కాదు. తండలం సుందరరావు 1893లోనే మద్రాసులో దీని మీద ఒక పుస్తకం అచ్చువేశారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని గుర్తించి ప్రస్తావించాడు, 1901లో అది చికాగోలో తిరిగి అచ్చయింది. ఒక చదరపు కాగితం, చేతివేళ్లు తప్ప ఆయన అడిగిన సామగ్రి దాదాపు ఏమీ లేదు.

మూడో అడుగు: కిరణం, ఒకవైపే

తలుపులు, కిటికీలు మూసి, ఏదో ఒక సందులోంచి ఎండ పడే గది దొరికితే కిరణం పాఠం అక్కడ పెట్టండి. డస్టరు దులిపితే గాలిలోని సుద్దపొడిలో వెలుగు గీత తళుక్కుమంటుంది. అది తిన్నగా ఉందని, ఒక వైపు నుంచే వస్తోందని చూపించండి. టార్చిలైటు వెలుగు దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది, కాబట్టి అంత బాగా పనికిరాదు. లేజర్ లైటు మాత్రం తరగతిలోకి తేవద్దు, కళ్లకు ప్రమాదం.

ఇక్కడ చురుకైన పిల్లలకు ఒక ముడి వేయండి. సూర్యుడి దగ్గర బయలుదేరిన వెలుగు సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, దాదాపు 8 నిమిషాల 20 సెకన్లు ప్రయాణించి మన గది నేల మీద పడి ఆగింది. మరి ఇది కిరణమా, రేఖాఖండమా? రెండు కొసలూ ఉన్నాయి కాబట్టి రేఖాఖండం అన్నవాళ్లే గెలిచినట్టు. నేల అడ్డు లేకుండా, దేనికీ తగలకుండా పోతూనే ఉంటే కిరణం. రోజూ ‘సూర్యకిరణం’ అనే మాట వాడుతూ పెరిగిన పిల్లలకు ఈ చర్చ తెగ నచ్చుతుంది.

కిరణం పేరు రాసేటప్పుడు మొదటి అక్షరం బయలుదేరిన చోటు. రెండోది పోతున్న దారిలో ఏదో ఒక బిందువు. అందువల్ల కిరణం ఏబి వేరు, కిరణం బిఏ వేరు. ఇది నోటితో చెబితే ఎక్కదు. ఇద్దరు పిల్లల్ని ఏ, బి అని నిలబెట్టి, ఏ దగ్గర బయలుదేరి బి మీదుగా నడుస్తూ పొమ్మని ఒకరికి, బి దగ్గర బయలుదేరి ఏ మీదుగా పొమ్మని ఇంకొకరికి చెప్పండి. ఒకరు ప్రహరీ గోడ వైపు, ఇంకొకరు గేటు వైపు పోతారు. ఏ, బి ల మధ్య మాత్రమే ఇద్దరి దారీ ఒకటి. ఆ ఉమ్మడి ముక్కను ఏమంటారో అడగండి, రేఖాఖండం ఏబి అని వాళ్లే చెప్తారు.

‘కిరణం అంటే సగం రేఖ’ అని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అంటారు. మెచ్చుకుని వదిలేయకండి. బోర్డు మీద రేఖ గీసి మధ్యలో ఓ అనే బిందువు పెట్టండి. అది రెండు సగాలు చేసిందా? సరే, ఇప్పుడు ఓ ను చెరిపి ఒక జానెడు కుడికి జరిపి పెట్టండి. ఇప్పుడు ఎడమవైపు ముక్క పెద్దదా? పెద్దదని కొందరు అంటారు. ఎంత పెద్దదో కొలిచి చెప్పమనండి. రెండు వైపులా అంతు లేదు కాబట్టి కొలవలేరు. సగం అనాలంటే ముందు మొత్తం ఎంతో తెలియాలి. రేఖకు మొత్తం పొడవే లేదు, కాబట్టి సగమూ లేదు. ఓ ను ఎక్కడ పెట్టినా వచ్చేది రెండు ఎదురెదురు కిరణాలే. సంఖ్యారేఖ కూడా ఇక్కడ చూపించండి. పూర్ణాంకాలకు 0 దగ్గర మొదలై కుడివైపు పోయే కిరణం చాలు, రుణసంఖ్యలు వచ్చాక రేఖ మొత్తం కావాల్సి వస్తుంది.

ఒకే బిందువు దగ్గర బయలుదేరిన రెండు కిరణాలు చూపించి కోణం అనే పేరు వినిపించండి, కొలత తర్వాత చూసుకోవచ్చు. రెండు చీపురుపుల్లలు ఒక కొస దగ్గర కట్టి తెరిచి పట్టుకుని, పుల్లలను సగానికి విరిచేయండి. తెరిచిన మేర మారిందా? భుజాలు కిరణాలు, మనం చూపించిన పుల్లలు వాటిలో కొంత భాగమే అని తెలిసిన పిల్ల కోణం మారలేదంటుంది.

నాలుగో అడుగు: బిందువు

ఇప్పటికి పిల్లలు కొసలు, ఖండన చోట్లు, బయలుదేరిన చోట్లు అన్నీ వాడేశారు. వాటికి ఉమ్మడి పేరు బిందువు అంటే సరిపోతుంది. మందంలో తేడా ఒక్కటి దగ్గరగా చూపించండి. చాక్‌పీసు అడ్డంగా పట్టుకుని రెండు లావు గీతలు ఒకదాన్నొకటి ఖండించేలా గీయండి. ఖండించిన చోట వేలెడంత తెల్లటి మచ్చ వస్తుంది. అదే బొమ్మ చెక్కిన పెన్సిలుతో గీస్తే ఆవగింజంత, గుండుసూదితో గీస్తే కంటికి ఆనీ ఆననంత. గీత సన్నబడేకొద్దీ మచ్చ తగ్గుతోంది, గీతకు వెడల్పే లేకపోతే మచ్చ ఎంత ఉంటుందని అడగండి. భాగాలు లేనిది బిందువు అని యూక్లిడ్ అన్న మాట ఇప్పుడు చెబితే అర్థమవుతుంది. భారతదేశ పటంలో విజయవాడ ఒక చుక్క, జిల్లా పటంలో అది బారుగా పరచుకున్న ఊరు. చుక్క చెప్పేది ఎక్కడ అన్నదే, ఎంత అన్నది కాదు. ఇంతకు మించి బిందువు మీద కాలం ఖర్చు పెట్టొద్దు.

ఐదో అడుగు: తలం

తలం దగ్గర పాఠ్యపుస్తకం రెండు వాక్యాల్లో దాటిపోతుంది, మనం కూడా దాటేస్తాం. కానీ పిల్లలకు చేసి చూడ్డానికి ఎక్కువ దొరికేది ఇక్కడే.

మొదట, చదునుగా ఉందని ఎలా తెలుస్తుంది? కొత్త ఇల్లు కడుతున్నచోట గోడకు సిమెంటు పూశాక మేస్త్రి పొడవాటి అల్యూమినియం పట్టీ ఆనించి నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తిప్పి చూస్తాడు. పట్టీకి, గోడకు మధ్య ఎక్కడా సందు కనపడకపోతే గోడ చదును. పిల్లలకు స్కేలు ఇచ్చి తరగతిలో ఉన్న వాటన్నిటినీ ఇలాగే పరీక్షించమనండి. బల్ల మీద ఎటు తిప్పినా స్కేలు ఆనుకుంటుంది. స్టీలు గ్లాసు మీద నిలువుగా పెడితే ఆనుకుంటుంది, అడ్డంగా పెడితే ఒక్కచోటే తాకి రెండు వైపులా సందు కనిపిస్తుంది. బంతి మీద ఎటు పెట్టినా సందే. ఎటు పెట్టినా రేఖ పూర్తిగా ఆనుకునేది మాత్రమే సమతలం. గ్లాసు దగ్గర ఆగి, ‘ఒకవైపు ఆనుకుంది కదా, చాలదా?’ అని అడిగి వాదించుకోనివ్వండి.

పొడిగించడం ఇక్కడ కూడా అవసరమే. బల్ల ఉపరితలం తలంలో ఒక ముక్క. గీతను బోర్డు దాటించినట్టే బల్ల ఉపరితలాన్ని నాలుగు వైపులా పొడిగించమనండి. గోడల్లోంచి, చెట్లలోంచి, అదే ఎత్తులో, ఎక్కడా వంగకుండా పోవాలి. దానికి అంచులు లేవు, మందం లేదు. పుస్తకంలో తలాన్ని సమాంతర చతుర్భుజంలా గీస్తారు, ఆ నాలుగు అంచులూ బొమ్మ కోసమే. రేఖకు బాణాలు వేసినట్టు దీనికి గుర్తు లేదు కాబట్టి పిల్లలు మోసపోతారు, మీరే గుర్తుచేస్తూ ఉండాలి.

రెండోది, ఎన్ని బిందువులు తలాన్ని కదలకుండా పట్టుకుంటాయి? ఒక పెన్సిలు మొన మీద అట్టముక్క నిలబెట్టమనండి, ఎటైనా ఒరిగిపోతుంది. రెండు పెన్సిళ్ల మీద పెడితే ఆ రెండు మొనలను కలిపే రేఖ చుట్టూ ఊగుతుంది. మూడు మొనలు త్రిభుజంలా పెడితే కుదురుగా నిలుస్తుంది. ఆ మూడు మొనలనూ ఒకే వరుసలోకి జరిపితే మళ్లీ ఊగుతుంది. సరేఖీయం కాని మూడు బిందువుల గుండా ఒకే తలం పోతుందన్నది ఇదే. తరగతి తలుపు దగ్గరికి తీసుకెళ్లండి. రెండు బందులు ఒక రేఖను పట్టుకున్నాయి, తలుపు మాత్రం ఎన్నో తలాల్లోకి తిరుగుతోంది. గడియ పెట్టగానే మూడో బిందువు దొరికి ఆగిపోయింది. నాలుగు కాళ్ల స్టూలు గచ్చు మీద టకటకలాడుతుంది, మూడు కాళ్లది ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. ఎందుకో ఇప్పుడు పిల్లలే చెప్పాలి. నాలుగో కాలి కొస, మిగతా మూడు నిర్ణయించిన తలంలో పడితే పడుతుంది, లేకపోతే లేదు.

మూడోది, రెండు తలాలు కలిసే చోటు. మడతపెట్టిన న్యూస్‌పేపరును పూర్తిగా విప్పకుండా పుస్తకం తెరిచినట్టు పట్టుకోండి. రెండు సగాలు రెండు తలాలు, అవి కలిసేచోట మడత గీత. గోడ, నేల కలిసేచోట గీత. రెండు గోడలు, నేల కలిసిన మూలలో బిందువు.

చివరగా, సమాంతర రేఖల గురించి ఒక షరతు. ‘ఎంత పొడిగించినా కలవని రేఖలు సమాంతర రేఖలు’ అని చెప్పి ఆపేయకండి. ముందు గోడ, పైకప్పు కలిసే అంచును చూపించండి. తర్వాత పక్కగోడ, నేల కలిసే అంచును చూపించండి. ఒకటి పైన అడ్డంగా, ఇంకొకటి కింద ముందు నుంచి వెనక్కి. ఎంత పొడిగించినా కలవవు, సమాంతరం కూడా కావు. వంతెన మీద రోడ్డు, కింద రైలు పట్టాలు కూడా అంతే. రెండూ ఒకే తలంలో ఉండి కలవకపోతేనే సమాంతరం. రెండు చీపురుపుల్లలు ఇచ్చి, ఒకే అట్టముక్క మీద రెండూ ఆనుకునేలా పెట్టడం కుదురుతుందా లేదా అని చేయించి చూడండి. తలం పాఠం ఎందుకు నేర్చుకుంటున్నామో పిల్లలకు ఇక్కడ తెలుస్తుంది.

లెక్కపెట్టే ఆటలు

నేర్చుకున్నది గట్టిపడాలంటే లెక్కపెట్టించండి. ఒక రేఖ మీద ఏ, బి, సి, డి అని వరుసగా నాలుగు బిందువులు. రేఖలు ఎన్ని? ఒకటే. రేఖాఖండాలు? ఏబి, ఏసి, ఏడి, బిసి, బిడి, సిడి అని ఆరు. ఆ బిందువుల దగ్గర మొదలయ్యే కిరణాలు? ఒక్కో బిందువు దగ్గర రెండు చొప్పున ఎనిమిది. ఇందులో ఏ నుంచి ఎడమకు, డి నుంచి కుడికి పోయే రెంటికి ఈ నాలుగు అక్షరాలతో పేరు పెట్టలేం. ఆ రెండూ కనిపెట్టిన పిల్లకు చప్పట్లు కొట్టించండి.

ఇప్పుడు నాలుగు చింతగింజలు నేల మీద వేసి, జతజతగా కలిపితే ఎన్ని రేఖలో చూడమనండి. ఏ మూడూ ఒకే వరుసలో లేకపోతే ఆరు, మూడు ఒకే వరుసలో ఉంటే నాలుగు, నాలుగూ ఒకే వరుసలో ఉంటే ఒకటి. ఐదు ఎప్పటికీ రావు, ఎందుకో వెతకమనండి.

సంక్రాంతి ముగ్గుల రోజుల్లో అయితే మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెట్టించండి. మూడు చుక్కల మీదుగా పోయే రేఖలు ఎనిమిది: అడ్డం మూడు, నిలువు మూడు, మూలకు రెండు. కచ్చితంగా రెండు చుక్కల మీదుగానే పోయేవి ఇంకో పన్నెండు. మొత్తం ఇరవై. ముందు గీసి లెక్కపెట్టనివ్వండి. తర్వాత తొమ్మిది చుక్కల్లో జతలు 36 అని, మూడు చుక్కలున్న ఎనిమిది రేఖలూ మూడేసి జతల చొప్పున 24 జతలను మింగేశాయని, మిగిలింది 12 అని ఎనిమిదో తరగతి అన్నో అక్కో వచ్చి చెప్తే ఇంకా బాగుంటుంది.

పరీక్షలో ఏమడగాలి

నిర్వచనాలు అడగకండి. ఏ, బి, సి వరుసగా ఒక రేఖ మీద ఉన్న బొమ్మ ఒక్కటి ఇచ్చి, దాని చుట్టూ అడగండి. రేఖ ఏబి, రేఖ ఏసి ఒకటేనా? ఒకటే. కిరణం ఏబి, కిరణం ఏసి? అవీ ఒకటే. రేఖాఖండం ఏబి, రేఖాఖండం ఏసి? వేరు. కిరణం బిఏ, కిరణం బిసి? వేరు, ఎదురెదురుగా పోతాయి. ఈ నాలుగింటికీ కారణంతో జవాబు రాసిన పిల్లకు పాఠం వచ్చినట్టే. రెండు వేర్వేరు రేఖలు రెండు చోట్ల ఖండించుకోగలవా అని ఇంకొకటి. న్యూస్‌పేపరు మడత గుర్తున్నవాళ్లు కుదరదంటారు.

కాస్త కష్టమైనది ఒకటి ఉండాలి. నోటుబుక్కు మూల ఒక్కటే బల్లకు తాకేలా ఏటవాలుగా నిలబెట్టి, ‘ఈ అట్ట తలం, బల్ల తలం ఒక్క బిందువు దగ్గరే కలుస్తున్నాయా?’ అని అడగండి. తాకుతున్నది ఒక్క చోటే కాబట్టి అవునంటారు చాలామంది. అప్పుడు పళ్లెంలో తడి ఇసుక చదును చేసి, అదే వాలుతో అట్టముక్క మూలను అందులోకి నొక్కించండి. మూల లోపలికి దిగేకొద్దీ ఇసుక మీద పడిన గాడి రెండు వైపులా పొడుగవుతుంది. అట్ట ఎంత పెద్దదైతే గాడి అంత పొడుగు, అట్టకు అంచులే లేకపోతే గాడి ఒక పూర్తి రేఖ. ఈ ప్రశ్నకు నాలుగు మార్కులు పెడితే, కాదు అన్నందుకు ఒకటి, ఎందుకో రాసినందుకు మూడు ఇవ్వండి. ‘అవును’ అని రాసి, తాకిన చోటు గురించి మాత్రమే చెప్తున్నానని వివరించిన పిల్లకు కూడా రెండు ఇవ్వండి. ఆ పిల్లకు బొమ్మకు, తలానికి మధ్య తేడా తెలుసు, పొడిగించడం ఒక్కటి ఇంకోసారి చేయిస్తే సరిపోతుంది.